మీరు అడిగారు: పార్కు ఉంది, జనమే లేరు

ఊరి హడావిడికి కాస్త దూరంగా, సాయంత్రమైతే చప్పుడు లేని కాలనీల్లో ఉండే పాఠకుల నుంచి ఈసారి పార్కుల మీద ప్రశ్నలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాం, పేర్లు వేయలేదు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. పార్కులో ఇంకా ఏం పెట్టాలి అని దాదాపు అందరూ అడిగారు, ఏం తీసేయాలి అని ఒక్కరూ అడగలేదు. జవాబులు మాత్రం ఎక్కువగా ఆ రెండో వైపే వెళ్ళాయి, ఏమనుకోకండి.

ప్రశ్న: మాది ప్రశాంతమైన కాలనీ. మధ్యలో పార్కు. లాన్ పచ్చగా ఉంటుంది, రోజూ ఊడుస్తారు. అయినా పొద్దున నడిచే కొద్దిమంది తప్ప ఎవరూ రారు. ఫౌంటెన్ పెడదామని కమిటీలో ఒకరు, ఓపెన్ జిమ్ పెడదామని ఇంకొకరు. ఏది మంచిది? (కాలనీ సంఘం సభ్యుడు)

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దండీ. ముందు ఓ సాయంత్రం నాలుగింటికి మీరే వెళ్ళి అక్కడ అరగంట కూర్చోండి, కూర్చోగలిగితే. ఇలాంటి పార్కుల్లో సాధారణంగా కనిపించేది ఏమిటంటే, రాతి బెంచీ లాన్ అంచున ఎండలో ఉంటుంది, చెట్టు ఇంకెక్కడో ఉంటుంది. మధ్యాహ్నమంతా కాగిన రాయి పొద్దుగూకినా చల్లారదు. పైగా బెంచీలన్నీ ఒకే వరసలో, ఒకే వైపు చూస్తూ ఉంటాయి కాబట్టి నలుగురు కలిసి కబుర్లు చెప్పుకోవాలంటే ఇద్దరు నిలబడాల్సిందే. ఇక గేటు దగ్గర బోర్డు: గడ్డి మీద నడవరాదు, బంతి ఆడరాదు, సైకిల్ తేరాదు, పూలు కోయరాదు. ఇన్ని రాదులు చదివాక లోపలికి వెళ్ళాలని ఎవరికుంటుంది చెప్పండి.

1970ల్లో న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన బహిరంగ స్థలాల్లో కెమెరాలు పెట్టి జనం ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ ఆగడం లేదు అని ఏళ్ళ తరబడి గమనించారు. చివరికి తేలింది వింటే ఇంతేనా అనిపిస్తుంది. కూర్చోవడానికి చోటున్న దగ్గర జనం కూర్చుంటారు, అంతే. ఇంకో తమాషా కూడా ఆయన చూశారు. కదపగలిగే కుర్చీ అయితే, కూర్చోబోయే ముందు మనిషి దాన్ని కొంచెం అటో ఇటో జరుపుతాడు, జరిపినందువల్ల ఏ లాభమూ లేకపోయినా సరే. తన చోటు తాను ఎంచుకున్నానన్న తృప్తి అన్నమాట. కుర్చీలు పోతాయని భయమైతే కనీసం రెండు బెంచీలను చెట్ల కిందికి మార్చి ఎదురెదురుగా వేయించండి.

రెండోది గేటు. ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు తీస్తారు? పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు మాత్రమే తెరిచే పార్కు ఆ వేళల్లో తీరిక ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. పార్కు వల్ల పరిసరాలు బాగుపడవు, పరిసరాల్లోని రకరకాల జనం రకరకాల వేళల్లో వచ్చిపోతుంటేనే పార్కు బతుకుతుంది అని నగరాల మీద రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే వాదించారు. ఇళ్ళు తప్ప ఇంకేమీ లేని నిశ్శబ్దమైన కాలనీలకు ఇదే అసలు ఇబ్బంది, ఎందుకంటే అందరూ ఒకే వేళ బయటికెళ్ళి ఒకే వేళ తిరిగొస్తారు. అందుకని పార్కును జనం నడిచే దారిలో కలపండి. ఒకే గేటుంటే రెండో వైపు ఇంకోటి తీయించి పగలంతా తెరిచి ఉంచితే, బస్సు దిగి ఇంటికెళ్ళేవాళ్ళు, బడి నుంచి వచ్చే పిల్లలు అడ్డదారి అని పార్కులోంచే నడుస్తారు. నడిచేవాళ్ళలో కొందరు ఆగుతారు. ఫౌంటెన్ సంగతి అప్పుడు మళ్ళీ అడగండి. మోటారు పాడైన ఫౌంటెన్ పాచి తొట్టి అవుతుందన్నది కూడా మీ కమిటీలో ఒకసారి చెప్పి చూడండి.

ప్రశ్న: మా పార్కులో లాన్‌కే నీళ్ళన్నీ పోతున్నాయి, వేసవిలో ఇళ్ళకే కొరత. లాన్ తీసేద్దామంటే పచ్చదనం పోతుందని గొడవ. (గృహిణి)

జవాబు: లెక్క వేసి చూపించండి, గొడవ కొంత తగ్గుతుంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీళ్ళు నిలిస్తే సరిగ్గా ఒక లీటరు. మంచి ఎండల్లో గడ్డి రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా నీళ్ళు తాగేస్తుంది. అంటే 1000 చదరపు మీటర్ల లాన్‌కి రోజుకు 5000 లీటర్లు. ఇంత పోసి మనం పొందేది ఏమిటంటే, నడవకూడని పచ్చ రంగు. నడవనివ్వని లాన్ మీద నాకెప్పుడూ చిరాకే, దాచుకోను.

అలాగని మొత్తం పీకేయమనను. పిల్లలు పొర్లి ఆడుకునే చోట గడ్డిని మించింది లేదు, అక్కడ ఉంచండి, తొక్కనివ్వండి. మిగతా చోట చెట్లు పెంచి వాటి కింద రాలిన ఆకుల్ని అలాగే పరవండి. చెట్టు కూడా నీళ్ళు తాగుతుంది కదా అంటారేమో, తాగుతుంది, కానీ వేరు లోతుగా వెళ్ళి కుదురుకున్నాక రోజూ మన పైపు కోసం చూడదు. పైగా ఆ నీటిని ఆకుల్లోంచి ఆవిరిగా వదులుతూ చుట్టూ గాలిని చల్లబరుస్తుంది, నీడ కూడా ఇస్తుంది. గడ్డి నీడ ఇవ్వదు. ఉంచిన లాన్‌ని నున్నగా గొరిగించకుండా ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తున కోయించండి. గడ్డి పైన ఎంత పొట్టిగా ఉంటే కింద వేరు అంత పొట్టిగా ఉంటుంది, అంత తొందరగా ఎండుతుంది.

ప్రశ్న: వాకింగ్ ట్రాక్‌కి టైల్స్ వేసినప్పుడు చెట్ల మొదళ్ళ దాకా సిమెంటు పోసేశారు. మొన్న గాలికి ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. ఇక పార్కు పక్క ఇంటాయన అన్నీ కొట్టించేయమని పట్టుబట్టారు. ఏ చెట్టు ప్రమాదమో మామూలు మనిషికి తెలుస్తుందా? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

జవాబు: కొంత తెలుస్తుంది, చూడాల్సిన చోటు చూస్తే. సిమెంటు దగ్గరే మొదలుపెడదాం. చెట్టు వేళ్ళంటే పాతాళానికి దిగుతాయని మనకో ఊహ. నిజానికి చాలా చెట్ల వేళ్ళలో ఎక్కువ భాగం పైనున్న అర మీటరు, ముప్పావు మీటరు మట్టిలోనే ఉంటాయి, పక్కలకి మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. వాటికి నీళ్ళతో పాటు గాలీ కావాలి. సిమెంటు పోసి రోలర్ తిప్పామంటే రెండూ ఆపేశామన్నమాట. ఒక చెట్టు దగ్గర వంగి చూడండి. సిమెంటు అంచు బెరడుని ఒరుసుకుంటూ ఉంటుంది, పెరిగే మాను దాని మీదికి పెదవిలా ఉబ్బి వచ్చుంటుంది. ఆ ఒరుసుకున్న చోటే తడి చేరుతుంది, పుచ్చు మొదలవుతుంది. పగలగొట్టించి మాను చుట్టూ కనీసం మీటరు మేర మట్టి కనబడేలా పాదు చేయించండి. పలుగుతో, మెల్లగా. యంత్రంతో పెళ్ళగిస్తే వేళ్ళు తెగి, మనం భయపడిన ప్రమాదం మనమే తెచ్చుకుంటాం. పోయిన మట్టి స్థానంలో కొత్తమట్టి మాను మీదికి ఎగదోయవద్దు.

ఇక ప్రమాదం గుర్తులు. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు గానీ గట్టిగా బల్లల్లా ఉండే శిలీంధ్రాలు గానీ మొలవడం, మాను నిలువునా చీలడం, పెద్ద తొర్ర, పైన ఆకుల్లేని ఎండుకొమ్మలు, చెట్టు వంగిన దిక్కుకి ఎదురువైపు నేల నెర్రెలిచ్చి లేవడం. ఈ చివరిది కనిపిస్తే ఆ రోజే ఆ చోటుని తాడుకట్టి మూసేయండి. అంతేగానీ చెట్టు వంగి ఉందన్నంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు. ఎప్పుడో వంగి, తర్వాత కొన తిప్పుకుని నిటారుగా పెరిగిన చెట్టు తన బరువుకి తగ్గ వేళ్ళు పెంచుకునే ఉంటుంది.

పక్కింటాయన్ని సముదాయించడానికి చెట్ల తలలు నరికించడం మాత్రం చేయకండి. అది సాధారణంగా జరిగే పని, అన్నిటికంటే చెడ్డ పని కూడా. మొండెం చేసిన కొమ్మ చివర గుత్తులు గుత్తులుగా చిగుళ్ళు వస్తాయి, చూడ్డానికి చెట్టు కోలుకున్నట్టే ఉంటుంది. కానీ అవి పైపొర నుంచి పుట్టినవి, లోపలి కలపతో పట్టు ఉండదు. నాలుగేళ్ళకి అవే లావెక్కి గాలికి విరుగుతాయి. ఏ కొమ్మ ఆయన ఇంటి మీదికి వచ్చిందో ఆ ఒక్కదాన్నే తీయించండి. కొమ్మ మానుని కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది చూశారా, దానికి సరిగ్గా బయట కోయాలి. ఉబ్బుని చెక్కేయకూడదు, దానికి దూరంగా మోడు వదలకూడదు. గాయం మూసుకునేది ఆ ఉబ్బు నుంచే. పైన రంగు, తారు పూయడం కూడా అనవసరం, అవి పుచ్చుని ఆపవు. చెట్టు కొట్టాలంటే చాలాచోట్ల అనుమతి కావాలి కాబట్టి ఎవరో ఒకరు తెలిసినవాళ్ళు వచ్చి చూస్తారు, వాళ్ళ మాట కాగితం మీద తీసుకోండి.

ప్రశ్న: పార్కు సగంలో మియావాకీ అడవి పెంచితే ఎలా ఉంటుంది? (ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: సగంలో వద్దు, ఒక మూల పెంచండి. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకీరా మియావాకీ పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు మొక్కలు, ఆ ప్రాంతపు సహజ జాతులవే, పొట్టివీ పొడుగువీ కలిపి నాటతారు. మొదటి రెండు మూడేళ్ళు నీళ్ళు, కలుపు చూసుకుంటే తర్వాత దానికదే పెరుగుతుంది. పిట్టలకీ సీతాకోకచిలుకలకీ బ్రహ్మాండం. కానీ మనిషి లోపలికి దూరలేడు, దూరకూడదు కూడా. చిన్న పార్కులో సగం అలా పోతే పచ్చగా ఉంటుంది గానీ పార్కుగా ఉండదు. రోడ్డు దుమ్ము, చప్పుడు వచ్చే వైపు గోడవారగా పట్టీలా వేస్తే అడవీ పార్కూ రెండూ కలిసొస్తాయి. మొక్కలు ఎవరో ఉచితంగా ఇచ్చారని దొరికినవన్నీ నాటేస్తే మాత్రం దాన్ని మియావాకీ అనకండి.

ప్రశ్న: మా పాపకి పన్నెండేళ్ళు. రెండేళ్ళ క్రితం దాకా రోజూ పార్కుకే, ఇప్పుడు రమ్మన్నా రాదు. ఫోన్ వల్లేనా? (ఒక తల్లి)

జవాబు: ఫోన్ మీద తోసేయడం తేలికే, కానీ అదే పార్కుకి అదే ఫోన్లున్న మగపిల్లలు వెళ్తున్నారు కదమ్మా. వియన్నా నగరంలో 1990ల్లో ఇదే గమనించారు. తొమ్మిదేళ్ళు దాటాక పార్కుల్లో ఆడపిల్లల సంఖ్య బాగా పడిపోతోంది, మగపిల్లలది అలాగే ఉంటోంది. కారణం వెతికితే, ఉన్నది ఒకే పెద్ద ఖాళీ మైదానం, అది ముందు ఎవరు ఆక్రమిస్తే వాళ్ళది, పోటీ పడి చోటు సంపాదించుకోవడం ఆడపిల్లలకి కష్టమైంది. 1999లో రెండు పార్కుల్ని మార్చి చూశారు. దారులు బాగుచేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ లాంటి ఆటలకి చోట్లు ఇచ్చారు, పెద్ద మైదానాన్ని చెట్లూ పొదలతో చిన్న చిన్న భాగాలు చేశారు. అమ్మాయిలు తిరిగి రావడం మొదలైంది, అబ్బాయిల్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు, వాళ్ళూ ఆడుకున్నారు.

మీ పార్కులో పన్నెండేళ్ళ అమ్మాయికి ఏముందో ఒకసారి ఆలోచించండి. జారుడుబండ చిన్నపిల్లలది, మైదానం క్రికెట్‌ది, ట్రాక్ పెద్దవాళ్ళది. స్నేహితురాళ్ళతో కలిసి కూర్చుని, ఎవరి చూపులూ మీద పడకుండా, అలాగని మరీ చాటుగా కూడా లేకుండా మాట్లాడుకునే చోటు ఉందా? రెండు పెద్ద ఊయలలు పక్కపక్కన, దగ్గర్లో ఒక దీపం, వెళ్ళిపోవడానికి రెండు దారులు ఉంటే చాలా మారుతుంది. ఏం మార్చాలో కమిటీ పెద్దలు నిర్ణయించే ముందు మీ పాపనీ దాని స్నేహితురాళ్ళనీ పార్కులో తిప్పి అడగండి. ఎక్కడ నడవబుద్ధి కాదో వేలెత్తి చూపిస్తారు.

ప్రశ్న: చెట్ల వల్లే దోమలని మా వీధిలో అందరి నమ్మకం. నిజమా?

జవాబు: దోమ పగలు ఆకుల చాటున విశ్రాంతి తీసుకుంటుంది గానీ పుట్టేది నీళ్ళలోనే. వేడి రోజుల్లో గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం పది రోజులు చాలు. అందుకని వారానికోసారి నిలిచిన నీళ్ళన్నీ ఒంపేయండి: పగిలిన కుండీలు, పారేసిన ప్లాస్టిక్ కప్పులు, పిట్టల కోసం పెట్టిన పళ్ళెం, ఆడని ఫౌంటెన్ తొట్టి, చెట్టు తొర్ర. తొర్రలో ఇసుక నింపితే సరి. డెంగీ దోమకి ఒక మూత నిండా నీళ్ళున్నా చాలు. పొగ కొట్టిస్తే ఎగిరే దోమలు చస్తాయి, నీళ్ళలో ఈదే దోమ పిల్లలు హాయిగా ఉంటాయి.

ప్రశ్న: పార్కు ఊడ్చాక ఎండుటాకులు మూలకి చేర్చి తగలబెడుతున్నారు. పొగకి మా అత్తగారికి ఆయాసం. చెప్తే, మరి ఎక్కడ వేయాలి అంటున్నారు. (పార్కు ఎదురింటి నుంచి)

జవాబు: వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే, చోటు చూపించకుండా వద్దంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు. ఆకుల పొగలోని సన్నని నుసి ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది, ఆయాసం ఉన్నవాళ్ళకి అది మామూలు ఇబ్బంది కాదు. అది చెప్పండి, చెప్పి చోటు కూడా చూపించండి.

మొదటి చోటు చెట్ల కిందే. రాలిన ఆకుల్ని ఐదు నుంచి పది సెంటీమీటర్ల మందాన పరిస్తే తడి ఆరదు, కలుపు మొలవదు. మానుకి మాత్రం ఆనించకుండా జానెడు ఖాళీ వదలాలి, లేదంటే బెరడు కుళ్ళుతుంది. అక్కడికీ మిగిలితే ఒక మూల వలకంచెతో గుండ్రంగా గూడు కట్టి అందులో వేయించండి. ఎండుటాకులు ఒక్కటే అయితే నెమ్మదిగా కుళ్ళుతాయి, ఆరు నెలల నుంచి ఏడాది. మధ్య మధ్యలో కోసిన పచ్చగడ్డి పొరలుగా వేసి, తడిపి, నెలకోసారి తిరగేస్తే ఇంకా ముందే నల్లటి ఎరువు చేతికొస్తుంది. వాసన వస్తోందంటే పచ్చిది ఎక్కువైందనో, తడి ఎక్కువైందనో అర్థం, ఇంకో బుట్ట ఎండుటాకులు వేస్తే పోతుంది. ఊడ్చేవాళ్ళకి కూడా పని తగ్గుతుంది. నడిచే దారి తప్ప మిగతాదంతా రోజూ ఊడవాలన్న పట్టుదల మీరు వదులుకుంటే ఇంకా తగ్గుతుంది. పిట్టలు గింజలు తినేవైనా పిల్లలకి పెట్టేది ఎక్కువగా పురుగులే, ఆ పురుగులుండేది ఈ ఆకుల కిందే.

ప్రశ్న: రాత్రి భయంగా ఉందని ఫ్లడ్‌లైట్లు పెట్టించాం. ఇప్పుడు ఎదురిళ్ళవాళ్ళు నిద్ర పట్టట్లేదంటున్నారు.

జవాబు: కళ్ళు మిరుమిట్లు గొలిపే ఒక్క దీపం కంటే నేలకేసి చూసే నాలుగు చిన్న దీపాలు మేలు. ఫ్లడ్‌లైట్ కింద వెలుగు ఎంత ఎక్కువో దాని పక్కన నీడ అంత చిక్కగా ఉంటుంది, ఎదురుగా వచ్చే మనిషి ముఖం కనబడదు. భయం తగ్గేది ముఖం కనబడితేనే. దారి వెంట తక్కువ ఎత్తులో, పైకి వెలుగు పోకుండా మూత ఉన్న పసుపుఛాయ దీపాలు పెట్టించండి, వెలుగు రంగు కొలత 3000 కెల్విన్ లేదా అంతకు తక్కువ అని రాసినవి. పురుగులూ తక్కువ చేరతాయి. దారి పక్క పొదల్ని నడుము ఎత్తుకి మించి పెరగనివ్వకండి.

ప్రశ్న: పార్కుకి వెళ్తే ఆరోగ్యం అంటారు. నిజంగా ఆధారం ఉందా, లేక ఊరికే అంటారా?

జవాబు: ఉంది. 1984లో పరిశోధకుడు రోజర్ ఉల్రిక్ ప్రచురించిన అధ్యయనం చాలామందికి తెలుసు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగులు, సగం మంది గది కిటికీలోంచి చెట్లు, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు కొంచెం ముందే ఇంటికెళ్ళారు, గట్టి నొప్పిమాత్రలు తక్కువ వాడారు. చిన్న అధ్యయనమే, దాన్నిబట్టి చెట్టు మందు అనేయకూడదు. నడకకి లెక్క వేరే ఉంది. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. దగ్గర్లో నీడ ఉన్న దారి ఉంటే అది మందుచీటీ లేకుండానే జరిగిపోతుంది.

ప్రశ్న: మా వైపు పార్కే లేదు. ఖాళీ స్థలాలు, కాలువ గట్టు ఉన్నాయి, అంతే. మేమేం చేయాలి?

జవాబు: నగర అడవుల నిపుణుడు సిసిల్ కొనైనండైక్ 2021లో ఒక తేలిక కొలత చెప్పారు, 3-30-300 అని. ఇంట్లోంచి చూస్తే మూడు చెట్లు కనబడాలి, పేటలో 30 శాతం నేల మీద చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలో ఓ పార్కు ఉండాలి. మూడోది మీ చేతిలో లేదేమో గానీ మొదటి రెండూ వీధిలోనే మొదలుపెట్టచ్చు. కాలువ గట్టు మీద నడవడానికి బాట, రెండు బెంచీలు, వరసగా నీడనిచ్చే చెట్లు ఉంటే అది పార్కు కంటే తక్కువేం కాదు, పొడుగ్గా ఉంటుంది కాబట్టి నడకకి ఇంకా మంచిది. గట్టు మీద నాటే ముందు అది చూసే శాఖని అడగండి, మట్టికట్టల్ని పెద్ద వేళ్ళు బలహీనం చేసే అవకాశం ఉంది.

ప్రశ్న: త్వరగా నీడ రావాలంటే పదడుగుల మొక్కలు కొనాలా, చిన్నవి కొనాలా?

జవాబు: చిన్నవి. పెద్దదాన్ని తవ్వి తీసినప్పుడు వేళ్ళలో చాలా భాగం వెనకే ఉండిపోతుంది, కోలుకోవడానికే దానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా ఛాతీ ఎత్తు మొక్క దాన్ని అందుకుంటుంది. కొనేముందు సంచి కొంచెం విప్పి చూడండి, వేళ్ళు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే వద్దు. గొయ్యి లోతు కంటే వెడల్పు ఎక్కువుండాలి, మొక్క సంచిలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే ఉండాలి. నీళ్ళు మొక్క మొదలు మీదే పోయకుండా వెడల్పాటి పాదులో పోయండి. ఊతకర్ర కడితే వదులుగా కట్టి, ఏడాది తిరిగేసరికి తాడూ కర్రా రెండూ తీసేయండి. మర్చిపోతే మాను లావెక్కే కొద్దీ తాడు బెరడులోకి దిగి, నీళ్ళు పెట్టి పెంచిన చెట్టుని అదే చంపుతుంది.